కట్ చేస్తే: ముసలి హీరో, రెండు రోజుల కాల్షీటు

పోయిన సంచికలో ఎవరికో జవాబిస్తూ, అరవై దాటిన ఇంగ్లీషు హీరోల చవక ఫైటింగ్ సినిమాలంటే నాకూ ఇష్టమేనని ఒక ముక్క అనేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు దాని మీదే. అందుకని పాత పాటల ప్రశ్నలు, "ఫలానా నటి ఇప్పుడెక్కడున్నారు" ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా. చెన్నై సాలిగ్రామంలో ఎడిటింగ్ రూము పక్కనే కాపురం పెట్టి ముసలివాడినైపోయాను గనక, ఈ విషయంలో నాకు తెలిసింది కాస్త ఎక్కువే. భరించండి.

*మాస్టారూ, బ్యాంకులో రిటైరయ్యాక రాత్రి భోంచేసి, తెలుగులో డబ్ అయిన ఇంగ్లీషు ఫైటింగ్ సినిమా ఒకటి పెట్టుకోవడం అలవాటైంది. పోస్టరు నిండా పాత హీరో మొహమే, చేతిలో తుపాకి. తీరా చూస్తే ఆయన ఉండేది పది నిమిషాలు, అదీ కుర్చీలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతూ. "ఇంకా రాలేదా మీ హీరో" అని మా ఆవిడ ఎగతాళి. ఇది మోసం కాదా?*
– ఒక పాఠకుడు, అంబత్తూరు

మోసమే. కాకపోతే మోసపోయింది మీరొక్కరే. ఆ సినిమా కొన్నవాళ్లందరికీ లెక్క ముందే తెలుసు.

ఇలాంటి సినిమా తీయకముందే అమ్ముడవుతుంది. హీరో పేరు, ఒక పోస్టరు, పేరాగ్రాఫు కథ. కేన్స్‌లో ఫిల్మ్ ఫెస్టివల్ జరిగే రోజుల్లోనే పక్కన సినిమాల సంత కూడా నడుస్తుంది. అక్కడ ఈ మూడూ చూపించి దేశం దేశానికీ విడివిడిగా హక్కులు అమ్ముతారు. ఆ ఒప్పంద కాగితాలు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. మీరు బ్యాంకువారు కదా, మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. కొనేవాడికి కావలసింది బొమ్మ మీద తెలిసిన మొహం. ఆ మొహం లోపల ఎంతసేపు ఉంటుందన్నది అతనికి రెండో విషయం.

ఈ విద్యలో ఆరితేరినవాళ్లు మెనాహెమ్ గోలన్, యోరామ్ గ్లోబస్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ దాయాదులు. 1979లో కానన్ ఫిలిమ్స్ అనే అమెరికన్ కంపెనీని చేతిలోకి తీసుకుని, ముందు పోస్టరు అమ్మి తరవాత సినిమా తీశారు. వాళ్లకి దొరికిన బంగారు బాతు చార్లెస్ బ్రాన్సన్. 1974లో, తన 52వ ఏట, డెత్ విష్ సినిమాలో భార్యను చంపిన రౌడీ మూకల మీద పగబట్టిన మామూలు మనిషిగా వేసి హిట్టు కొట్టాడు. ఆ పాత్రనే కానన్ వాళ్లు 1982, 85, 87లలో మళ్లీ మళ్లీ బయటికి తీశారు. ఐదోది గోలన్ వేరే కంపెనీ నుంచి వచ్చేసరికి ఆయనకి 72. పగ మాత్రం తీరలేదు.

ఇక మీ పది నిమిషాల సంగతి. పెద్ద హీరో కాల్షీటు రెండు రోజులే దొరికిందనుకోండి. ఆ రెండు రోజులూ ఒకే బంగళా తీసుకుంటారు. ఒక గదిలో కుర్చీ వేస్తే అది పోలీసు అధికారి ఆఫీసు, పరదాలు మారిస్తే అదే ఇల్లు, వరండాలో నిలబెడితే క్లైమాక్సు. ఎదుటి నటుడు ఆ రోజు రాకపోయినా ఫర్వాలేదు. అతని మాటలు అసిస్టెంటు చదువుతాడు, అతని షాట్లు నెల తరవాత ఇంకో ఊళ్లో తీసుకుంటారు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాల్సి వస్తే భుజం మీదుగా సజెషన్ షాటు పెడతారు. ఆ భుజం ఎవరిదైనా కావచ్చు. ఆ సినిమాల్లో అన్ని ఫోన్ కాల్స్ ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా. చివరికి ఆ పది నిమిషాల సరుకుని ఎడిటరు మొదట్లో కొంచెం, మధ్యలో కొంచెం, ఆఖర్న కొంచెం, పెళ్లి పులిహోరలో జీడిపప్పు చల్లినట్టు సర్దుతాడు. ప్రతి విస్తట్లో ఒకటైనా కనపడకపోతే మాట వస్తుంది.

మనవాళ్లకి మాత్రం ఈ లెక్కలు తెలియవనుకున్నారా? హిందీ డబ్బింగు హక్కులకి ఎంతొస్తుందో చూసుకుని, ఆ తరవాత హీరోని ఖాయం చేసుకున్న నిర్మాతలతో నేను పనిచేశాను. ఇంకా వెనక్కి వెళితే విఠలాచార్యగారు. ఆయన పొదుపు గురించి కోడంబాక్కంలో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. హీరో డేట్ల దగ్గర పేచీ పెడితే, మునిచేత శాపం పెట్టించి అతణ్ని ఏ చిలకగానో మేకగానో మార్చేసి మిగతా సినిమా లాగించేసేవారట. జానపద బ్రహ్మ అని ఊరికే అనలేదు. అమెరికా వాళ్లకి ఈ ఉపాయం తట్టక ఫోన్లు పట్టుకున్నారు.

*సార్, మా నాన్న ఈ సినిమాలు చూస్తూ "ఆ వయసులో ఎలా దూకాడో చూడు" అంటారు. దూకింది ఆయన కాదని నా అనుమానం. డూపుని ఎలా పట్టుకోవాలి?*
– ఒక ఐటీ ఉద్యోగిని, షోలింగనల్లూరు

పట్టుకోవడం చెప్తాను గానీ, నాన్నగారి దగ్గర మాత్రం నోరు మెదపకండమ్మా.

మొహం కనపడే షాటులో కాళ్లు కనపడవు, కాళ్లు లేచే షాటులో మొహం కనపడదు. ఇది మొదటి గుర్తు. తరవాత చెవులు చూడండి. విగ్గుతో జుట్టు కలపొచ్చు, కోటుతో భుజాలు కలపొచ్చు, చెవుల్ని కలపడం ఎవరి తరమూ కాదు. చీకటి గోడౌన్లలో, వానలో, పొగలో ఫైట్లు ఎక్కువ పెట్టడానికి అదొక కారణం. స్టీవెన్ సీగల్ 2000ల మొదట్నుంచీ నేరుగా వీడియోకి వచ్చే సినిమాలు బోలెడు చేశాడు. వాటిలో కొన్నిటిలో డూపు వీపు ఎంతసేపు ఉంటుందంటే, టైటిల్స్‌లో ఆ వీపుకి వేరే కార్డు వెయ్యాలనిపిస్తుంది. కొన్నిచోట్ల గొంతు కూడా ఆయనది కాదు. ఇంకో నటుడు డబ్బింగ్ చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఫైటులో ఎడిటరు చేసే పని కొంత నిజాయతీగా ఉంటుంది, కొంత ఉండదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. పిడికిలి చెంప దాకా వచ్చే చోట రెండో మూడో ఫ్రేములు తీసేస్తే, అది తగిలినట్టు చూసేవాడి మెడే వెనక్కి పోతుంది. ఫిలిం ఉన్న రోజుల్లో తీసేసిన ఆ చిన్న ముక్కల్ని పారేసేవాళ్లం కాదు. వెనక మైనం పెన్సిలుతో నంబరు వేసి దాచేవాళ్లం. ఎందుకంటే సాయంత్రం ఫైట్ మాస్టరు వచ్చి, రీలు తిప్పించి, "ఎక్కువ కోసేశారు, నా కుర్రాడి దెబ్బ కనపడట్లేదు, ఒక ఫ్రేము వెనక్కివ్వండి" అనేవాడు. ఒక ఫ్రేము! సెకనులో ఇరవై నాలుగో వంతు! వెతికి, టేపుతో అతికించి మళ్లీ తిప్పితే, అతను చెప్పిందే కరెక్టు. కెమెరాని 24కి బదులు 22లో నడిపి కదలికకి వేగం తేవడం కూడా మామూలే.

ఇవన్నీ పాతికేళ్ల హీరోకీ చేస్తాం. ఉన్న కదలికకి పదును పెట్టడానికి కట్ చేస్తే తప్పు లేదు. లేని కదలికని పుట్టించడానికి కట్ చేస్తే వస్తుంది చిక్కు. లియమ్ నీసన్ 2014లో చేసిన సినిమాలో, టేకెన్ అనే కిడ్నాపుల వరసలో మూడోదాంట్లో, ఒక కంచె దూకే చోటు ఉంది. ఆ ఒక్క దూకుడుకి పదికి పైగా కట్లు! చెయ్యి, కాలు, మొహం, కంచె, మళ్లీ చెయ్యి... కంచె ఎవరు దూకారో తెలియదు గానీ ఎడిటరు మాత్రం పాపం బాగా దూకాడు. అప్పటికి నీసన్‌కి అరవై దాటాయి. అరవై దాటిన తండ్రి కంచె దగ్గర ఆగి, ఆయాసపడి, గేటు వెతుక్కుంటే నేనింకా ఎక్కువ నమ్మేవాణ్ని.

*తిట్టింది చాలు సార్. చూడదగ్గవి ఏమన్నా ఉన్నాయా?*
– ఒక పాఠకుడు, పెరంబూరు

ఉన్నాయి కాబట్టే కదా రాత్రిళ్లు కూర్చుంటున్నాం.

ముందుగా జాన్ క్లాడ్ వాన్ డామ్ 2008లో తన పేరు మొదటి అక్షరాలే టైటిలుగా చేసింది చూడండి. అందులో ఆయన పాత్ర ఆయనే: డబ్బులైపోయి, కూతురి కోసం కోర్టు చుట్టూ తిరుగుతూ, బెల్జియంలో ఒక పోస్టాఫీసు దోపిడీలో ఇరుక్కుంటాడు. మొదటి సీనే ఒక పెద్ద ఫైటు, కట్ లేకుండా ఒకటే షాటు. కొడతాడు, తంతాడు, కాలుస్తాడు. ఆఖర్న వెనకున్న సెట్టు గోడ పడిపోయి షాటు చెడిపోతుంది. రొప్పుకుంటూ వెళ్లి డైరెక్టరుకి మొరపెట్టుకుంటాడు: నాకు 47 ఏళ్లు, అంతా ఒకే షాటులో చేయడం కష్టం అని. ఆ డైరెక్టరు కుర్రాడు లెక్కచెయ్యడు. ఆ సీను చూసి నేను నవ్వాను, మరుక్షణం నవ్వు ఆగిపోయింది. ఇలా మొరపెట్టుకునే మనిషిని మన స్టూడియోల్లో ఎన్నిసార్లు చూశానో. తరవాత కెమెరాలోకి నేరుగా చూస్తూ తన బతుకు గురించి నిమిషాల తరబడి మాట్లాడతాడు. తన్నులాటల హీరో అనుకున్నవాడు నటుడని అప్పుడు తెలుస్తుంది.

రెండోది కూడా ఆయనదే. 2009లో జాన్ హయమ్స్ తీసిన యూనివర్సల్ సోల్జర్ వరస సినిమా. బల్గేరియాలో తీశారు, బడ్జెట్టు బాగా తక్కువ. హీరో మొదటి సగంలో కనపడేది చాలా తక్కువ. అచ్చం మీరు తిట్టుకునే రకం అన్నమాట. కానీ దర్శకుడు ఆ లోటుని దాచకుండా దాని మీదే కథ కట్టాడు. యుద్ధాలు చేసి చేసి మతి చెదిరిన సైనికుణ్ని మామూలు మనిషిని చేద్దామని డాక్టర్లు తంటాలు పడుతుంటే, పైవాళ్లు వచ్చి మళ్లీ యుద్ధానికి లాక్కుపోతారు. ఆ మొహంలోని గీతలన్నీ కథకి పనికొచ్చాయి. మేకప్‌తో వాటిని పూడ్చి ఉంటే సినిమా చచ్చిపోయేది. ఎదుట నిలబెట్టింది ఆండ్రీ ఆర్లోవ్‌స్కీ అనే నిజం ఫైటరుని. దెబ్బలు బరువుగా ఉంటాయి.

అన్నట్టు, బల్గేరియా ఎందుకంటారా? సోఫియా నగరం అంచున బొయానా అనే స్టూడియో ఉంది. కమ్యూనిస్టు రోజుల్లో ప్రభుత్వానిది, తరవాత అమెరికన్ నిర్మాతలు కొన్నారు. న్యూయార్కు వీధి, లండన్ వీధి సెట్లు అక్కడే వేసి ఉంచారు. కూలి తక్కువ. మీరు అమెరికా అనుకుని చూస్తున్న సందు సగంసార్లు అదే. ఒకే చెత్తకుండీ వేరువేరు సినిమాల్లో కనపడితే ఆశ్చర్యపోకండి.

డాల్ఫ్ లండ్‌గ్రెన్‌వి కూడా చూడండి. ఆయన సిడ్నీ యూనివర్సిటీలో కెమికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చేసిన మనిషి. 2004 నుంచి తన సినిమాలకి కొన్నిటికి తనే దర్శకుడు. గొప్పగా ఉంటాయనను గానీ, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిన లెక్క కనపడుతుంది.

ఇక ముసలి హీరోల గిరాకీ మళ్లీ లేపింది 2008లో వచ్చిన నీసన్ టేకెన్ వరసలో మొదటిది. సుమారు రెండున్నర కోట్ల డాలర్లతో తీస్తే ఇరవై రెండు కోట్లు దాటి తెచ్చింది. దాంట్లో ఆయన దెబ్బలు క్లుప్తం. గొంతు మీద ఒకటి, మోచెయ్యి మీద ఒకటి, అయిపోయింది. ఎగరడాలు లేవు. తొందరలో ఉన్న తండ్రి అలాగే కొడతాడు. పైన చెప్పిన కంచె తంటా మూడోదానికి వచ్చింది, ఎందుకంటే అప్పటికి ఆయన తండ్రి కాదు, బ్రాండు.

*బ్రూస్ విల్లిస్ ఆఖరి సినిమాలు చూడాలంటే ఎందుకో మనసొప్పడం లేదు. మీరేమంటారు?*
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం

1988లో డై హార్డ్ వచ్చినప్పుడు, బనీను వేసుకుని చెప్పుల్లేకుండా గాజు పెంకుల మీద నడిచిన ఆ మనిషిని చూసి, మా ఎడిటింగ్ రూములో కుర్రాళ్లందరూ ఒక నెలపాటు ఆ సినిమా కట్ల గురించే మాట్లాడుకున్నారు. నొప్పి పుడుతుందని ఒప్పుకున్న హీరో ఆయన.

నటించిన ఆఖరి రోజుల్లో ఏడాదికి అరడజనుకు పైగా ఒప్పుకున్నారు. 2021లో వచ్చిన ఎనిమిది సినిమాల్ని కలిపి, చెత్త నటనకి ఇచ్చే ర్యాజీ అవార్డుల వాళ్లు ఆయన పేరుతో ఒక ప్రత్యేక విభాగమే పెట్టి వెక్కిరించారు. 2022 మార్చి ఆఖర్న కుటుంబం ప్రకటన చేసింది: ఆయనకి అఫేసియా, అంటే మాట పడిపోయే జబ్బు, నటన మానేస్తున్నారని. ర్యాజీ వాళ్లు తమ బహుమతి వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది అది మెదడు క్షీణించే డిమెన్షియా అని తేలింది. లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసినదాని ప్రకారం రెండు రోజుల పనికి ఇరవై లక్షల డాలర్లు, డైలాగులు చెవిలో పెట్టిన చిన్న స్పీకరులోంచి అందించేవారు.

మన వైపు వెనక నుంచి ప్రాంప్టింగ్ అందుకోని నటుడు లేడు గనక, దాన్ని నేను తప్పు పట్టను. డబ్బింగు థియేటరులో ఇలాంటి ఒక సినిమాకి, ఎవరిదో చెప్పను, తెలుగు మాటలు సర్దుతుంటే మాకు పని తేలికైపోయింది. డబ్బింగు రైటరుకి వీపు షాటు అంటే వరం, పెదాలతో పేచీ ఉండదు. ఆ సినిమాలో ఎక్కడ చూసినా వీపే. మొహం ఉన్నచోట వాక్యానికి రెండు మూడు మాటలే, మధ్యలో పొడుగ్గా మౌనం. "పెద్దాయన స్టైల్ అండీ" అన్నాడు గొంతు ఇచ్చిన కుర్రాడు. నాకు స్టైల్ అనిపించలేదు. డబ్బింగు కోసం అదే ముక్కని లూపుగా తిప్పిన ప్రతిసారీ ఆ కళ్లు కెమెరా పక్కన ఎవరినో వెతుకుతున్నాయి.

అందుకని నా సలహా: మనసొప్పకపోతే చూడకండి. డబ్బు కోసం నటించడం నేరం కాదు, కుటుంబం కోసం ఒప్పుకుని ఉండొచ్చు. కానీ సెట్టులో ఉన్నవాళ్లకి తెలుస్తుంది. ఫోకస్ తిప్పేవాడికి తెలుస్తుంది, ఎడిటరుకి ఇంకా బాగా తెలుస్తుంది. అయినా పోస్టరు అచ్చయింది.

*మాస్టారూ, ఆడవాళ్లలో ఇలాంటి ముసలి స్టార్లు లేరా, లేక మీకు కనపడలేదా?*
– ఒక టీచరు, చూలైమేడు

చురక బాగానే తగిలింది. సింథియా రోత్‌రాక్ అని అమెరికన్ కరాటే ఆవిడ, 80లలో హాంకాంగ్ వెళ్లి మగాళ్లతో సమానంగా తన్ని, తరవాత ఇలాంటి చవక సినిమాలే బోలెడు చేశారు. కానీ అరవై ఏళ్ల ఆడదాని మొహంతో పోస్టరు అమ్మొచ్చని ఆ సంతలో ఎవరికీ నమ్మకం లేదు. మిషెల్ యో 2022 సినిమానే తీసుకోండి, హాలీవుడ్ లెక్కలో తక్కువ బడ్జెట్టే. ఆ పాత్ర మొదట జాకీ చాన్ కోసం అనుకున్నది. చివరికి ఆవిడ చేశారు, లాండ్రీ నడుపుకునే ఇల్లాలిగా. 60 ఏళ్ల వయసులో ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చుకున్నారు, ఆసియా నుంచి మొదటి ఆవిడ. మన వైపు విజయలలితగారిని, విజయశాంతిగారిని కర్ర తిప్పించి చప్పట్లు కొట్టాం. నలభై దాటాక ఏం కథలు రాశామో మీకు తెలుసు. అత్తపాత్రలు.

*మన హీరోలు కూడా అంతే కదా సార్, వాళ్లనెందుకు వదిలేశారు?*
– ఒక విద్యార్థి, తాంబరం

మనవి చవక సినిమాలు కావు తమ్ముడూ. హీరో పారితోషికంతోనే బొయానాలో రెండు సినిమాలు తీయొచ్చు. ఒకటి మాత్రం చెప్తాను. 2023లో జైలర్ వచ్చేనాటికి రజనీకాంత్‌కి 72. మనవడితో ఆడుకునే తాతగా చూపించి, ఎక్కువసేపు ఆయన్ని నడిపించారు, కూర్చోబెట్టారు, నవ్వించారు. కొట్టే పని చాలావరకు పక్కవాళ్లది. జనం విజిళ్లు వేసింది ఆ కూర్చోడానికే.

*మావాడు ప్లస్ టూ అయ్యాక ఫైటరు అవుతానని వడపళని చుట్టూ తిరుగుతున్నాడు. హీరోలకి డూపు వేస్తే బాగా వస్తుందంటున్నాడు. పంపమంటారా?*
– ఒక తండ్రి, మాధవరం

టెన్షన్ పడకండి, అలాగని కళ్లు మూసుకునీ పంపకండి. ఈ పేజీ నిండా ముసలి హీరోల గురించి రాశాను గానీ, వాళ్ల సినిమాల్లో మనం చూసే ఒళ్లు సగం మీవాడిలాంటి వాళ్లదే. మంచి రోజులూ ఉన్నాయి. కియాను రీవ్స్‌కి 1999లో డూపుగా చేసిన చాడ్ స్టాహెల్‌స్కీ, 2014లో అదే రీవ్స్‌కి యాభై ఏళ్లప్పుడు జాన్ విక్ తీసి పెద్ద దర్శకుడైపోయాడు. ఫైట్లు దూరం నుంచి, పొడుగు షాట్లలో తీశాడు. హీరో చేత నెలల తరబడి ప్రాక్టీసు చేయించాడు గనక దాచాల్సిన పని పడలేదు. మన దగ్గర స్టంట్ మాస్టర్లకి జాతీయ అవార్డు 2017లో మొదటిసారి ఇచ్చారు. అది పీటర్ హెయిన్‌కి వచ్చింది, మోహన్‌లాల్ యాభై ఆరో ఏట చేసిన పులి వేట సినిమాకి. ఆస్కార్ వాళ్లు కూడా 2028 నుంచి స్టంట్లకి అవార్డు ఇస్తామన్నారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2025 జులైలో నాగపట్నం జిల్లాలో ఒక తమిళ సినిమాకి కారు పల్టీ కొట్టించే స్టంటు చేస్తూ అనుభవం ఉన్న స్టంట్ కళాకారుడే చనిపోయారు. కాబట్టి మీరు కూడా వెంట వెళ్లండి. యూనియన్ మెంబర్షిప్ ఎలా ఇస్తారు, ట్రైనింగ్ ఎవరి దగ్గర, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఎంత, ఎవరు కడతారు, ఇవి అడగండి. అడిగినందుకు విసుక్కునే మాస్టరు దగ్గర చేర్చకండి. డిగ్రీకి అప్లికేషను కూడా పెట్టించండి, కాలేజీలో చేరినా జిమ్నాస్టిక్స్ నేర్చుకోవచ్చు. ముందు మోకాళ్లు డాక్టరుకి చూపించండి.